హూవరు: వ్యాపారనామము రూఢిశబ్దమగు తెఱఁగు

ఆంగ్లేయుల యిండ్లలో నేలను, తివాచీలను శుభ్రపఱచుటకు విద్యుచ్ఛక్తిచేత దుమ్మును లోనికిఁ బీల్చుకొను యంత్రమొకటి వాడుకలో నున్నది. దానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు వాక్యూం క్లీనరు. కాని యింగ్లండునందు సామాన్యజనులు దానిని హూవరు అందురు. ఆ యంత్రము నే కంపెనీవారు చేసినను వారికది హూవరే. దానితో గది శుభ్రపఱచుటకును వారు హూవరు శబ్దమునే క్రియగా వాడుదురు. ఈ శబ్దము మొదట నొక మనుష్యుని యింటిపేరు. పిమ్మట నాతని కంపెనీ పేరు. ఆ పిమ్మట నా కంపెనీ సరకుపై ముద్ర. కడపట జాతివాచకము, ధాతువు. ఒక్క శతాబ్దములోపల నాలుగు మెట్లెక్కిన యీ శబ్దముయొక్క చరిత్రము వ్యాకరణజ్ఞులకు వినోదమాత్రము గాదు. తెలుఁగునందును డాల్డా, సర్ఫు, జిరాక్సు మొదలగు శబ్దము లీ త్రోవనే ప్రవేశించినవి. వానిని నిఘంటువునఁ జేర్పవలయునా మానవలయునా, బాలుర వ్యాసములయందుఁ గనఁబడినపుడు దిద్దవలయునా విడువవలయునా యను ప్రశ్నము నిఘంటుకారులకును బాఠశాలాపండితులకును దప్పనిది. ఆ ప్రశ్నమునకుఁ దగిన సమాధానము హూవరు శబ్దచరిత్రమునందే గలదు.

ముందుగా వస్తువునుగూర్చి కొంత చెప్పవలయును. దుమ్మును గాలితో నూఁది తొలఁగించు యంత్రము లంతకుముందే యుండెను. ఊఁదిన దుమ్ము మఱియొక చోటఁ బడును గాని పోదు. 1901లో హ్యూబర్టు సెసిల్ బూత్ అను నాంగ్లేయుఁడు గాలిని వెనుకకుఁ బీల్చి, గుడ్డలోనుండి వడిచి, దుమ్మును నిలువరించు యంత్రమును గల్పించి హక్కుపత్రము పొందెను. అతని యంత్రము గుఱ్ఱపుబండిపై నెక్కించి తీసికొనిపోవలసినంత పెద్దది. దానిని వీధిలో నిలిపి పొడవైన గొట్టములను గవాక్షములద్వారా లోనికిఁ బంపి గదులు శుభ్రపఱచెడివారు. 1902లో ఏడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకమునకై వెస్టుమినిస్టరు దేవాలయపుఁ దివాచీల నీ యంత్రముతోనే శుభ్రపఱచిరి. ఇంత కీర్తి వచ్చినను బూత్ పేరు వస్తువునకు నిలువలేదు.

అమెరికాయందు ఒహాయో రాష్ట్రమునఁ గాంటన్ పట్టణములో జేమ్స్ మరే స్పాంగ్లర్ అను వృద్ధుఁ డొక పెద్ద యంగడిలో నూడ్చు పనివాఁడుగా నుండెను. ఆతనికి ఉబ్బసవ్యాధి, ఊడ్చునపుడు లేచు దుమ్ము ఆ వ్యాధిని బెంచుచుండెను. అందుచే నాతఁడు చిన్న విద్యుద్యంత్రమును, చీపురుకఱ్ఱను, దిండుగలీబును గూర్చి చేతఁ బట్టి నడపఁదగిన సాధనము నొకటి కల్పించి 1908లో హక్కుపత్రము పొందెను. దానిని వ్యాపారముగాఁ బెంచుటకుఁ దగిన ధన మాతనికి లేదు. ఆ ప్రాంతముననే తోలుసామానుల వ్యాపారము చేయుచున్న విలియం హెన్రీ హూవరు ఆ హక్కును గొని కంపెనీ స్థాపించెను. క్రమముగా యంత్రమునకు నాతని పేరే ముద్రయైనది. 1933లో లండను పడమటి ప్రక్కనుండు పెరివేలునందు నా కంపెనీ గొప్ప కర్మాగారమును దెఱచెను. ఇంగ్లండునందు యంత్రమును, దాని పేరును ఒక్కమాఱే యింటింటఁ బ్రవేశించినవి. కల్పించినవాఁ డొకఁడు, అంతకుముందే మఱియొక రూపమునఁ గల్పించినవాఁ డొకఁడు, పేరు మాత్రము కొని యమ్మినవానిది. శబ్దము కర్తృత్వమును విచారింపదు, ప్రయోగమునే యనుసరించును.

ఇఁక శబ్దమునకు వత్తము. మొదటి మెట్టునందు హూవరు క్లీనరు అను సమాసమే యుండెను. అందుఁ బరపదము లోపింపఁగాఁ బూర్వపదమే యర్థమంతయు వహించెను. దేవదత్తుని దేవుఁడనియు, సత్యభామను సత్యయనియుఁ బిలుచుట వైయాకరణు లెఱిఁగినదే. నాయిక పేరగు వాసవదత్తాశబ్దము ఆమెనుగూర్చిన యాఖ్యాయికకుఁ బేరగుటయు నిట్టిదే. అచ్చటఁ దద్ధితప్రత్యయము లోపించినదని వార్తికకారుఁడు చెప్పెను. కాఁబట్టి మనుష్యుని పేరు ప్రత్యయము లేకయే వస్తువునకుఁ జెల్లుట యాంగ్లమునకు మాత్రమే కలిగిన వింత కాదు.

రెండవ మెట్టు దీనికంటె ముఖ్యమైనది. హూవరు కంపెనీ చేయని యంత్రమును హూవరనుట యెట్లు? దీనికిఁ దైలశబ్దమే యుత్తమమైన యుదాహరణము. తిలలనుండి వచ్చినది తైలము. కాని సర్షపతైలము, ఇంగుదీతైలము అను ప్రయోగములు ప్రాచీనములే. తిలలకును ఆవాలకును సంబంధము లేదు. జిడ్డను సాదృశ్యముచే శబ్దము వ్యాపించెను. ఈ చిక్కును దీర్చుటకై స్నేహార్థమునందుఁ దైలచ్ అను ప్రత్యయమును వార్తికమునందు విధింపవలసివచ్చెను. తుదకుఁ దిలలనుండి వచ్చినదానినే వేఱుగాఁ దెలుపుటకుఁ దిలతైలమనవలసివచ్చెను. తెలుఁగున నూనెశబ్దము గతియు నిదియే. నువ్వుల నేయి యను నర్థమునఁ బుట్టిన యీ పదము నేఁడు ఆముదపునూనె, వేరుసెనగనూనె, కొబ్బరినూనె యనుచోట్ల నే విరోధమును లేక చెల్లుచున్నది. నువ్వులనూనె యను మాటలో నువ్వు రెండుమాఱులు వచ్చినదని పలుకువారెవ్వరును దలఁపరు. ఇంగ్లండున 1993లో జేమ్స్ డైసన్ అనువాఁడు సంచి యక్కఱలేని యంత్రమును సంతకుఁ దెచ్చెను. ఆ యంత్రమును గొన్నవారును దానితో హూవరు చేయుచున్నామనియే యనుచున్నారు. డైసన్ హూవరు సర్షపతైలము వంటిది.

ఈ మెట్టు దాఁటిన పిదప వ్యుత్పత్తికి శబ్దముపై నధికారము లేదు. దీనిని బాణిని యష్టాధ్యాయి ప్రథమాధ్యాయ ద్వితీయపాదమునందు దేశనామముల ప్రసక్తిలో నిర్ణయించి యున్నాఁడు. పంచాలులను క్షత్రియులు నివసించు దేశమునకుఁ బంచాలములని పేరు. అక్కడ నివాసార్థమునఁ దద్ధితము వచ్చి లోపించినదనియు, లింగవచనములు మూలశబ్దమునకువలెనే యుండుననియు శాస్త్రప్రక్రియ. పిదప నాతఁడే యిట్టి విధానమును జెప్ప నక్కఱలేదని తేల్చెను. సంజ్ఞలు లోకప్రయోగమువలననే ప్రమాణములగుట యొక హేతువు. సంబంధమే ప్రమాణమైనచో, సంబంధము నశించినపుడు శబ్దమును నశింపవలసివచ్చును. అట్లు నశించుట లేదు గదా యనుట రెండవ హేతువు. క్షత్రియులు పోయినను దేశము పంచాలమే.

హూవరు విషయమున నీ రెండవ హేతువు కన్నులార గానవచ్చుచున్నది. 1992లో నా కంపెనీ యాంగ్లశాఖవారు సరకు కొన్నవారికి ఉచితముగా విమానయానము కల్పింతుమని ప్రకటించి, కోరినవారి సంఖ్య మితిమీఱుటచే మిక్కిలి నష్టపడిరి. 1995లో ఐరోపాఖండమునందలి వ్యాపారమును ఇటలీదేశపు క్యాండీ కంపెనీ కొనెను. 2019లో క్యాండీని చైనాదేశపు హయరు కంపెనీ కొనెను. అమెరికాయందలి హూవరు ముద్ర 2007లో హాంగ్‌కాంగునందలి మఱియొక కంపెనీ చేతికిఁ బోయెను. నేఁడు ముద్రకును హూవరు కుటుంబమునకును సంబంధము లేదు. ఒక ముద్రకు రెండు ఖండములలో నిరువురు స్వాములు. ఇన్ని జరిగినను ఇంగ్లండున నొక యిల్లాలి నోట నా మాట యణుమాత్రమును జెదరలేదు.

మూఁడవ మెట్టు నామము ధాతువగుట. సంస్కృతమున నిది నామధాతుప్రకరణమునకుఁ జెందినది. పుత్రీయతి యనుచోటఁ గోరికయు, ముండయతి యనుచోట నట్లు చేయుటయు, హలయతి యనుచోట నాఁగలి పట్టుటయు నర్థములు. సాధనవాచకమునుండి యా సాధనముతోఁ జేయు పనికి ధాతువు పుట్టుట కడపటి యుదాహరణమునఁ గలదు. సంస్కృతమునకుఁ బ్రత్యయ మావశ్యకము. ఆంగ్లమునకు నావశ్యకము గాదు, నామరూపమే ధాతురూపమగును. అయినను బ్రత్యయము చేర్చు మార్గమును ఆంగ్లమునఁ గలదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1917 మొదలుకొని, అమెరికాయందు హర్బర్టు హూవరు ఆహారవస్తువుల పొదుపునకు నధికారిగా నుండెను. ఆతఁడు పిదప 1929 మొదలు 1933 వఱకు దేశాధ్యక్షుఁడు. ఆతని పేరునుండి హూవరైజు అను క్రియ పుట్టినది. దాని యర్థము భోజనమున మితవ్యయము చేయుట. యంత్రపు హూవరునకును ఈ హూవరునకును సంబంధము లేదు. ప్రత్యయముతోఁ గూడిన క్రియ కాలముతోపాటు మాఱుమూలకుఁ బోయినది. ప్రత్యయము లేనిది నిలిచినది. నిత్యమును జేయు పనికి సంబంధించిన క్రియయే నిలుచునని దీనివలనఁ దెలియుచున్నది. అమెరికావారు మాత్రము యంత్రపుఁ బనికి హూవరు శబ్దమును గాక వాక్యూం శబ్దమునే సాధారణముగాఁ గ్రియగా వాడుదురు. ఒకే భాష, ఒకే యంత్రము. సముద్రమున కావల నొక రూఢి, ఈవల నొక రూఢి.

ఇతరభాషల తీరు పరికించినచో విషయము మఱింత విశదమగును. వేల్సుదేశీయులు హూవరు శబ్దమును దమ వర్ణక్రమమున వ్రాసికొని హువ్రో అను క్రియను జేసికొనిరి. పోలండున స్వీడనుదేశపు ఎలెక్ట్రోలక్సు కంపెనీ పేరు వృద్ధుల వ్యవహారమున యంత్రమునకుఁ బేరైనది. జర్మనులు మాత్రము ధూళిని బీల్చునది యను నర్థమున ష్టౌబ్‌జౌగర్ అను సమాసము కల్పించుకొనిరి. రష్యనుల పిలెసోస్ శబ్దమును అట్టిదే. కుంభకారశబ్దమువలె నివి యుపపదసమాసములు. తురుష్కులు విద్యుత్తు చీపురు అందురు. వాక్యూం క్లీనరు అను నాంగ్లసమాసమునకు విగ్రహము చెప్పఁబూనినచోఁ జిక్కు కలుగును. శూన్యమును శుభ్రపఱచునది యని షష్ఠీసమాసముగాఁ దోఁచును. శూన్యముచేత శుభ్రపఱచునది యని తృతీయాసమాసముగా గ్రహింపవలయును. అదియుఁ బూర్ణశూన్యము గాదు; గాలి యొత్తిడి కొంత తగ్గుట మాత్రమే. సామాన్యజనులు కంపెనీ పేరు నాశ్రయించుటకు నిట్టి పేర్ల యసౌకర్యమును గొంత కారణము గావచ్చును.

డచ్చిభాషయం దొక విశేషము గలదు. అందు జౌఖెన్ అను పీల్చుట ధాతువునకు భూతకాలమున నచ్చు మాఱును. అది యాభాషలోని ప్రాచీనధాతువుల లక్షణము. యంత్రమునకు వారి పేరు స్టోఫ్‌జౌఖర్, అనఁగా ధూళిపీల్చునది. దానినుండి స్టోఫ్‌జౌఖెన్ అను క్రియ పుట్టినది. ఈ క్రియకు మాత్రము భూతకాలమున నచ్చు మాఱదు. క్రొత్త ధాతువులకువలెఁ బ్రత్యయమే చేరును. అందుచే నీ క్రియ పీల్చుటనుండి గాక యంత్రనామమునుండి పుట్టినదని రూపమే సాక్ష్యము చెప్పుచున్నది. శబ్దము రూఢమైనదా కాలేదా యని తెలియుటకు నిట్టి రూపసాక్ష్యములే ప్రమాణములు; పలుకువాని యభిప్రాయము గాదు, ముద్రాస్వామి ప్రకటనమును గాదు.

ముద్రాస్వాములకు నిది కష్టమును గలిగించు విషయమే. తమ పేరు సర్వసామాన్యమైనచో దానిపైఁ దమకుఁ గల యేకాధికారము పోవును. న్యాయస్థానము లీ ప్రశ్నమును బలుమాఱులు విచారించినవి. ఫ్రెడరిక్ వాల్టన్ అనువాఁడు అవిసెనూనెతో నేలపైఁ బఱచు వస్త్రమును జేసి, అవిసెకును నూనెకును లాటినులోఁ గల పేళ్లు గూర్చి లినోలియమని పేరుపెట్టెను. 1878లో నాంగ్లన్యాయస్థాన మా పేరు వస్తువునకే పేరైనదని తీర్మానించెను. 1921లో నమెరికాయం దాస్పిరిన్ శబ్దముపైఁ దీర్పు చెప్పిన న్యాయాధిపతి లర్నెడ్ హాండు, మందు కొను జనులకది మందుపేరే యనియు, వైద్యులకును మందుల వర్తకులకును నది ముద్రయే యనియు విభజించెను. శ్రోతృభేదముచే నొక్క శబ్దమే రూఢియు సంజ్ఞయు నగునని శాబ్దికులు చెప్పఁదగిన మాటను న్యాయాధిపతి చెప్పెను. 1950లో నెస్కలేటరు శబ్దమును ఓటిస్ కంపెనీ పోఁగొట్టుకొనెను. ఆ కంపెనీ తన ప్రకటనలయందే దానిని సామాన్యనామముగా వాడుట యొక కారణము. హూవరు శబ్దము మాత్రము చట్టమున నేఁటికిని ముద్రయే. చట్టమున ముద్రయై వ్యవహారమున రూఢియైన శబ్దమున కిది లక్ష్యము. మనదేశమున 1999వ సంవత్సరపు ట్రేడుమార్కుల చట్టము తొమ్మిదవ ప్రకరణమును, వాడుకభాషలో సామాన్యమైపోయిన మాటలను ముద్రగా నమోదు చేయరాదని విధించుచున్నది.

తెలుఁగుదేశమున హూవరు శబ్దము వ్యాపింపలేదు. ఇచ్చటి యిండ్లలో నేల గచ్చు, బండలు. వానికిఁ జీపురును దడిగుడ్డయుఁ జాలును. తివాచీ పఱచిన గదులకుఁ గావలసిన యంత్రము చాలకాల మిచ్చట నవసరము లేకుండెను. 1982లో స్థాపింపఁబడిన యురేకా ఫోర్బ్స్ కంపెనీవారు మనుష్యులను ఇంటింటికిఁ బంపి యీ యంత్రము నమ్మినను, దాని ముద్రానామము జాతివాచకము గాలేదు. వాక్యూం క్లీనరనియే వాడుక. వస్తువు నిత్యవ్యవహారమునకు రానిచోట శబ్దము రూఢమగుట లేదని దీనివలనఁ దెలియును. వస్తువు వ్యాపించినచోట మాత్రము తెలుఁగువారును ఆంగ్లేయులవలెనే చేసిరి. 1937లో సంతకు వచ్చిన డాల్డా వనస్పతికెల్లఁ బేరైనది. 1959లో నీదేశమునకు వచ్చిన సర్ఫు బట్టలుతుకు పొడికెల్లఁ బేరైనది. ఏ కంపెనీ పొడి కలిపినను సర్ఫునీళ్లే. పొడి యని యర్థమిచ్చు గ్రీకుశబ్దమునుండి, అనఁగా దడిలేనిదను నర్థమునుండి, పుట్టిన జిరాక్సు నేఁడు ప్రతి తీయు పనికెల్లఁ జెల్లుచున్నది. నేల త్రవ్వు పెద్ద యంత్రమునకు ఫ్రాన్సుదేశపు పొక్లెయిన్ కంపెనీ పేరు ప్రొక్లెయిను అను రూపమున వ్యాపించినది. ఈ కడపటి శబ్దమున లేని రేఫము వచ్చి చేరుట గమనింపఁదగినది. మూలమెఱిఁగినవాఁడు రేఫమును జేర్పఁడు. మూలము మఱవఁబడుటయే రూఢికి నిదర్శనము.

తెలుఁగునకుఁ గ్రియానిర్మాణమునఁ దనదైన పద్ధతి గలదు. ఆంగ్లమునందువలె నామమే ధాతువు గాఁజాలదు. హిందీనుండి వచ్చిన మాటలకుఁ బూర్వము ఇంచు చేర్చి దబాయించు, బనాయించు, జమాయించు అని ధాతువులు చేసికొనిరి. జిరాక్సునకట్లు గాక జిరాక్సు తీయు, జిరాక్సు తీయించు అని తెలుఁగుధాతువును దోడు తెచ్చుకొనిరి. శబ్దము పరదేశపుదైనను వాక్యము తెలుఁగే. నామము మాత్రము వచ్చి ధాతువు మనదే యగుచోట భాష చెడినదనుటకుఁ దావు లేదు.

వీనినుండి నాలుగు పరీక్షలు తేలుచున్నవి. అన్యకంపెనీ వస్తువునకుఁ జెల్లుట మొదటిది. వేఱు ముద్రానామముతో విశేషింపఁబడుట రెండవది. భాషకుఁ దగిన క్రియ యేర్పడుట మూఁడవది. ఉచ్చారణము మాఱి మూలము మఱుఁగుపడుట నాలుగవది. మొదటి మూఁడును గలిగిన శబ్దము రూఢమనుటకు సందేహింపఁ బనిలేదు. నాలుగవది కలిగినచోఁ జెప్పనేల. ఒక్క మొదటిది మాత్రమే కలిగినచో నింకను వేచియుండుట మేలు.

రూఢమైనదానిని నిఘంటువునఁ జేర్పవలయును. సి.పి. బ్రౌను పరదేశపదములను 1854లోఁ బ్రత్యేకమగు మిశ్రభాషానిఘంటువున సంపుటీకరించెను. అట్లు వేఱుపఱచినను వానిని విడువలేదు; అందుచే నాఁటి కచ్చేరీ భాష నేఁడు తెలియుచున్నది. డాల్డాను విడిచిన నిఘంటువు ముందుతరములవారికి నీ శతాబ్దపు వంటయిల్లు తెలియకుండఁ జేయును. ఆంగ్లనిఘంటుకారులకు ముద్రానామమును దెలుపుటకుఁ బెద్దయక్షరమను సౌకర్యము గలదు, తెలుఁగులిపికి లేదు. కావునఁ దెలుఁగు నిఘంటువునందు అర్థము, మూలమైన కంపెనీ, ప్రవేశించిన కాలము, ముద్రయింకను జెల్లుచున్నదా లేదా యనునవి మాటలతోనే వ్రాయవలయును. అది ముద్రాస్వామికిఁ జేయవలసిన న్యాయమును గూడ నెఱవేర్చును.

పాఠశాలలయందు బాలుఁడు జిరాక్సు తీయించితినని వ్రాసినచోఁ దప్పని కొట్టివేయుట శాస్త్రసమ్మతము గాదు. లోకము ప్రమాణముగాఁ గొన్న సంజ్ఞకు శాస్త్రవిధియే యక్కఱలేదని చెప్పిన పాణినికంటెఁ గఠినముగా నుండుట పండితునకుఁ దగదు. తప్పు వేఱొకచోటఁ గలదు: కంపెనీని బేర్కొనవలసినచో జాతివాచకమును, జాతిని జెప్పవలసినచోఁ గంపెనీని జెప్పుట. ఆ భేదమును నేర్పవలయును. ఛాయాప్రతి, నకలు మొదలగు పదములను గూడ నేర్పి, యధికారపత్రమున నేది, మిత్రలేఖయం దేది తగునో చూపవలయును. ఇట్టి శబ్దములు తెలుఁగున నెన్ని గలవో, ఏ జిల్లాలో నే రూపమునఁ జెల్లుచున్నవో సేకరించినవా రింకను గొలఁదిమందియే. పల్లెలలోఁ బలుకు రూపములు మాఱకముందే పాఠశాలాపండితు లీ పని కుపక్రమించుట మేలు. వారి తరగతులయందే యీ శబ్దములు ప్రతిదినమును వినఁబడుచున్నవి.